పరికరాల క్లాసులు: పనిని బట్టి కెర్నల్ కట్టే గుంపులు

కంప్యూటర్‌కు గానీ ఫోనుకు గానీ తగిలించిన పరికరాలన్నింటినీ ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికన్నా లోపలి భాగమైన కెర్నల్ గుంపులు కడుతుంది. కీబోర్డు, మౌసు, టచ్‌స్క్రీను ఒక గుంపు. బ్యాటరీ, ఛార్జరు, యూపీఎస్ ఇంకో గుంపు. వైఫై చిప్పు, లాన్ కార్డు మరో గుంపు. ఈ గుంపులనే క్లాసులంటారు. పరికరాన్ని ఏ కంపెనీ చేసింది, ఏ తీగ మీదుగా వచ్చి చేరింది, లోపల ఏ చిప్పు ఉంది అనే వివరాలు కెర్నల్ దగ్గర వేరే చోట ఉంటాయి. క్లాసు చెప్పేది ఒక్కటే: ఈ వస్తువుతో ప్రోగ్రాములు ఏ తీరున మాట్లాడాలి అన్నది.

ఈ ఏర్పాటు లేకపోతే ఎంత చిక్కో ఊహించడం కష్టం కాదు. లినక్స్ కెర్నల్‌లో వేల డ్రైవర్లున్నాయి. ఒక్కో డ్రైవర్‌కు ఒక్కో చిప్పు సంగతి తెలుసు. పాటలు వినిపించే ప్రోగ్రాము రాసేవాళ్లు ఆ వేలల్లో సౌండు చిప్పులు ఏవో వెతికి, ఒక్కోదానికి విడిగా కోడు రాయాలంటే అయ్యే పని కాదు. క్లాసు ఉంది కాబట్టి వాళ్లు సౌండు క్లాసు భాష ఒక్కటి నేర్చుకుంటే చాలు. చిప్పు మారితే డ్రైవర్ మారుతుంది, ప్రోగ్రాము మారదు.

ఒక మనిషిని ఊరి పేరుతో, ఇంటిపేరుతో, చేసే పనితో మూడు రకాలుగా గుర్తుపట్టినట్టే కెర్నల్ కూడా ఒక పరికరాన్ని మూడు వైపుల నుంచి చూస్తుంది. అది ఉన్న చోటును, పరికరాలను కలిపే దారి అయిన బస్సు చెబుతుంది: యూఎస్‌బీ, పీసీఐ, ఐ2సీ వంటివి. దాని లోపలి మర్మం డ్రైవర్‌కు తెలుసు. అది చేసే పని క్లాసుకు సంబంధించింది. యూఎస్‌బీ తీగతో వచ్చిన మౌసు, బ్లూటూత్ మౌసు, పాతకాలపు గుండ్రటి పీఎస్/2 పిన్ను మౌసు మూడూ మూడు బస్సుల మీద ఉంటాయి, మూడింటి డ్రైవర్లూ వేరు. చివరికి చేరేది మాత్రం ఇన్‌పుట్ అనే ఒకే క్లాసుకు. బాణం గుర్తును కదిపే ప్రోగ్రాముకు ఆ మూడింటి మధ్య తేడాతో పనే లేదు.

ఈ ఆలోచన మొదటి రూపం యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉంది. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యునిక్స్‌ను తయారు చేసినప్పుడు పరికరాలను కూడా ఫైళ్ల రూపంలోనే చూపించారు. 1974లో ఆ ఇద్దరూ ప్రచురించిన ప్రసిద్ధ పత్రంలో ఈ ప్రత్యేక ఫైళ్ల గురించి రాశారు. అప్పట్లో రకాలు రెండే. టైప్‌రైటర్ టెర్మినల్‌లా అక్షరం తర్వాత అక్షరం ఇచ్చిపుచ్చుకునేవి క్యారెక్టర్ పరికరాలు. డిస్కులా ఒక్కో దిమ్మ చొప్పున, ఏ దిమ్మ కావాలంటే ఆ దిమ్మ చదవగలిగేవి బ్లాక్ పరికరాలు. ప్రతి పరికరానికీ రెండు నంబర్లు కేటాయించేవారు. మేజర్ నంబరు ఏ డ్రైవరో చెబుతుంది, మైనర్ నంబరు ఆ డ్రైవర్ కింద ఎన్నోదో చెబుతుంది. లినక్స్ కూడా ఈ పద్ధతినే తీసుకుంది. ఇప్పటికీ లినక్స్‌లో స్కజీ అనే పద్ధతిలో మాట్లాడే డిస్కుల మేజర్ నంబరు 8, టెర్మినల్‌ది 4, ఇన్‌పుట్ పరికరాలది 13.

క్యారెక్టర్, బ్లాక్ రకాలు రెండింటిలోనూ ఇమడని వస్తువు నెట్‌వర్క్ కార్డు. అది ఎవరూ అడగకముందే బయటి నుంచి ప్యాకెట్లు తెచ్చి పడేస్తుంది, ఒకేసారి వంద ప్రోగ్రాములకు వేర్వేరు సంభాషణలు మోస్తుంది. దాన్ని ఒక ఫైలులా తెరిచి చదవడం పొసగదు. అందుకే నేటికీ లినక్స్‌లో పరికరాల ఫైళ్లుండే /డెవ్ ఫోల్డర్‌లో వైఫై కార్డుకు చోటు లేదు. దానితో మాట్లాడాలంటే సాకెట్లనే వేరే దారి పట్టాల్సిందే. పనిని బట్టి గుంపులు కట్టడం ఎందుకు అవసరమైందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. క్యారెక్టర్, బ్లాక్ అనే విభజన బైట్లు ఎలా కదులుతాయో చెప్పగలిగిందే తప్ప, పరికరం ఎందుకు పనికొస్తుందో చెప్పలేకపోయింది.

1990ల చివరికి ఇబ్బంది ముదిరింది. మేజర్, మైనర్ నంబర్లకు చెరి ఎనిమిది బిట్లే ఉండటంతో మేజర్ నంబర్లు 256కు మించి ఉండవు. కొత్త డ్రైవర్ రాసినవారు నంబరు కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ పట్టికను హెచ్. పీటర్ ఆన్విన్ నిర్వహించేవారు. అది ఒక ఎత్తయితే, పరికరాల సమాచారం బయటపెట్టే తీరులో ఒక కట్టుబాటు లేకపోవడం ఇంకో ఎత్తు. ల్యాప్‌టాప్ బ్యాటరీ సంగతే చూస్తే, ఏపీఎం అనే పాత పద్ధతి యంత్రాల్లో ఒక ఫైలులో ఒక ఆకారంలో, ఏసీపీఐ అనే కొత్త పద్ధతి యంత్రాల్లో వేరే ఫోల్డర్‌లో వేరే ఆకారంలో కనిపించేది. చేతిలో ఇమిడే చిన్న యంత్రాల తీరు ఇంకా వేరు. తెర మూలన బ్యాటరీ గుర్తు చూపే చిన్న ప్రోగ్రాము కూడా ఇవన్నీ తెలుసుకుని ఉండాల్సి వచ్చేది.

2001 తర్వాత లినక్స్ 2.5 ప్రయోగ వెర్షన్లలో ప్యాట్రిక్ మోచెల్ దీనికొక కొత్త కట్టుబాటు తెచ్చారు. యంత్రంలోని పరికరాలన్నింటినీ ఒకే వృక్షంగా అల్లి, ఆ వృక్షాన్ని సిస్‌ఎఫ్‌ఎస్ అనే ఫైళ్ల రూపంలో బయటికి చూపే ఏర్పాటు అది. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 వెర్షన్‌తో అది అందరికీ చేరింది. అదే వెర్షన్‌లో మేజర్ నంబరుకు 12 బిట్లు, మైనర్ నంబరుకు 20 బిట్లు ఇచ్చి ఇరుకు తీర్చారు. పరికరం తగిలించగానే తగిన పేరుతో ఫైలు పుట్టించే యూడెవ్ అనే ప్రోగ్రామును గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ 2003లోనే మొదలుపెట్టారు. నేటి క్లాసుల నిర్మాణానికి పునాది ఇదంతా.

లినక్స్ నడిచే ఏ యంత్రంలోనైనా /సిస్/క్లాస్ అనే ఫోల్డర్ తెరిస్తే ఆ గుంపులు కళ్లముందు కనిపిస్తాయి. బ్లాక్, ఇన్‌పుట్, నెట్, సౌండ్, టీటీవై, పవర్ సప్లై, థర్మల్, బ్యాక్‌లైట్, ఎల్‌ఈడీలు, బ్లూటూత్, ఆర్‌టీసీ అనే గడియారం, ఇలా డజన్ల కొద్దీ ఉంటాయి. ఒక్కో క్లాసు ఫోల్డర్‌లో ఆ క్లాసుకు చెందిన పరికరాల పేర్లుంటాయి. ఆ పేర్లు అసలు ఫోల్డర్లు కావు, దారి చూపే లింకులు మాత్రమే. అసలు ఫోల్డర్ /సిస్/డివైసెస్ కింద, ఆ పరికరం నిజంగా తగిలి ఉన్న చోట ఉంటుంది. అంటే ప్రతి పరికరానికీ ఇల్లు ఒక్కటే, ఆ ఇంటికి చేరే దారులే వేర్వేరు. బస్సు పట్టుకుని వెళ్లినా క్లాసు పట్టుకుని వెళ్లినా చేరేది అక్కడికే.

క్లాసు అంటే ఉత్త పేర్ల జాబితా అయి ఉంటే దానికి ఇంత విలువ ఉండేది కాదు. క్లాసులో చేరిన పరికరం కొన్ని ప్రశ్నలకు, ముందే నిర్ణయించిన కొలతల్లో, జవాబు చెప్పడానికి ఒప్పుకున్నట్టే. థర్మల్ క్లాసును దగ్గరగా చూస్తే ఇది తేటపడుతుంది.

రామగుండంలో వేసవి పగళ్లు 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఆదిలాబాద్‌లో చలికాలం రాత్రులు పది డిగ్రీల లోపుకు దిగడమూ మామూలే. ఇంత తేడా ఉన్న ప్రాంతంలో ఒకే రకం ల్యాప్‌టాపులు, ఒకే రకం ఫోన్లు నడుస్తున్నాయి. చుట్టూ ఉన్న గాలి ఎంత వేడిగా ఉంటే చిప్పు వేడి బయటికి పోవడం అంత కష్టం. చిప్పు ఎంత వేడెక్కిందో తెలుసుకోవడానికి కెర్నల్ థర్మల్ జోన్లు ఏర్పరుస్తుంది. ప్రతి జోన్ ఫోల్డర్‌లో టెంప్ అనే ఒక ఫైలుంటుంది. దాన్ని తెరిస్తే ఒక్క సంఖ్య, ఉదాహరణకు 62000 అని కనిపిస్తుంది. అది డిగ్రీలో వెయ్యో వంతు లెక్క, అంటే 62 డిగ్రీల సెల్సియస్. సెన్సరు ఏ కంపెనీదైనా, అది లోపల వోల్టేజీ రూపంలో కొలిచినా ఫారెన్‌హీట్‌లో కొలిచినా, క్లాసులోకి వచ్చేసరికి సెల్సియస్‌లో వెయ్యో వంతుల్లోనే చెప్పాలి. దశాంశ బిందువు వాడకుండా వెయ్యితో హెచ్చవేయడానికి కారణముంది: కెర్నల్ లోపల దశాంశ గణితం సాధారణంగా వాడరు, పూర్ణాంకాలతోనే పని కానిస్తారు.

అదే క్లాసులో జోన్ల పక్కనే చల్లబరిచే పరికరాలు కూడా ఉంటాయి. ఫ్యాను ఒకటి. ప్రాసెసర్ వేగాన్ని తగ్గించడం ఇంకొకటి. అది విడిగా కనిపించే వస్తువు కాకపోయినా వేడి తగ్గిస్తుంది కాబట్టి కెర్నల్ దాన్నీ చల్లబరిచే పరికరంగానే లెక్కిస్తుంది. ప్రతి జోన్‌కూ కొన్ని మెట్లుంటాయి. ఒక మెట్టు దాటితే ఫ్యాను వేగం పెరుగుతుంది. ఇంకో మెట్టు దాటితే ప్రాసెసర్ నెమ్మదిస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఫోను మందకొడిగా మారడం వెనుక చాలాసార్లు ఉండేది ఈ మెట్టే. క్రిటికల్ అనే ఆఖరి మెట్టు దాటితే, చిప్పు పాడుకాకుండా కెర్నల్ యంత్రాన్ని ఆపేస్తుంది. 2008 నుంచి లినక్స్‌లో ఉన్న ఈ ఉమ్మడి థర్మల్ ఏర్పాటు లేకపోతే, ఏ కంపెనీకి ఆ కంపెనీ తన చిప్పుకు, తన ఫ్యానుకు మధ్య సొంత బేరం కుదుర్చుకోవాల్సి వచ్చేది. ఒక కంపెనీ సెన్సరు చెప్పిన మాట విని ఇంకో కంపెనీ ఫ్యాను తిరుగుతోందంటే, రెండూ ఒకే క్లాసు భాష మాట్లాడుతుండటం వల్లే.

పవర్ సప్లై క్లాసు అందరి జేబుల్లోనూ ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లన్నీ లినక్స్ కెర్నల్ మీదే నడుస్తాయి. కరీంనగర్ బస్టాండులో ఎవరి ఆండ్రాయిడ్ ఫోను తెర మీదనైనా కనిపించే బ్యాటరీ శాతం ఈ క్లాసులోని కెపాసిటీ అనే ఫైలు నుంచి ఆండ్రాయిడ్ చదువుకున్నదే. 0 నుంచి 100 దాకా ఉండే సంఖ్య అది. పక్కనే స్టేటస్ అనే ఫైలు ఛార్జవుతోందా, ఖర్చవుతోందా, నిండిందా అని చెబుతుంది. వోల్టేజీ మైక్రోవోల్టుల్లో ఉంటుంది. 4 వోల్టులంటే 4000000. ఇక్కడ గమనించదగిన సంగతి ఒకటుంది. స్టేటస్ ఫైలులో కనిపించే మాటలను డ్రైవర్ రాయదు. డ్రైవర్ ఒక సంకేత సంఖ్య మాత్రమే ఇస్తుంది, దాన్ని మాటగా మార్చేది క్లాసుకు చెందిన ఉమ్మడి కోడు. ఒక కంపెనీ డ్రైవర్ ఒక స్పెల్లింగూ, ఇంకో కంపెనీ డ్రైవర్ ఇంకో స్పెల్లింగూ రాసే అవకాశమే లేకుండా చేశారు. చిన్న జాగ్రత్తే అయినా, ఈ మొత్తం నిర్మాణంలో మెచ్చుకోదగిన పనితనం ఇలాంటి చోట్లే ఉంది.

ఒక పెన్‌డ్రైవ్‌ను గుచ్చినప్పుడు లోపల జరిగే పని చూస్తే బస్సు, డ్రైవర్, క్లాసు మూడూ ఎలా కలిసి నడుస్తాయో అర్థమవుతుంది. గుచ్చగానే యూఎస్‌బీ కంట్రోలర్ కెర్నల్‌కు కబురందిస్తుంది. కెర్నల్ ఆ పరికరాన్ని మొదట అడిగేది 18 బైట్ల పరిచయ పత్రం. అందులో కంపెనీ సంఖ్య, మోడల్ సంఖ్య ఉంటాయి. ఆ తర్వాతి పత్రాల్లో అది చేసే పనికి సంబంధించిన సంఖ్య ఉంటుంది. పెన్‌డ్రైవ్ అయితే ఆ సంఖ్య 08, అంటే నిల్వ పరికరం. ఆ 08ని చూసి యూఎస్‌బీ నిల్వ డ్రైవర్ ముందుకొస్తుంది. అది పెన్‌డ్రైవ్‌తో స్కజీ అనే పాతకాలపు డిస్కు భాషలో మాట్లాడుతుంది, కాబట్టి పరికరం ముందు స్కజీకి చెందిన క్లాసుల్లో, ఆ తర్వాత బ్లాక్ క్లాసులో కనిపిస్తుంది. చివరగా కెర్నల్ ఒక ప్రకటన విడుదల చేస్తుంది: ఫలానా చోట, ఫలానా క్లాసులో, ఫలానా మేజర్, మైనర్ నంబర్లతో కొత్త పరికరం చేరింది అని. యూడెవ్ ఆ ప్రకటన విని తన నియమాల ప్రకారం హక్కులు, అదనపు పేర్లు కట్టబెడుతుంది. తెర మీద పెన్‌డ్రైవ్ బొమ్మ కనిపించేది ఇదంతా అయ్యాకే.

చేతిలో పట్టుకునే వస్తువు ఒక్కటే అయినా క్లాసులో అది ఒక్కటిగానే ఉండాలన్న నియమం లేదు. యూఎస్‌బీ హెడ్‌ఫోనులో స్పీకరు, మైకు సౌండ్ క్లాసుకు పోతాయి. దాని తీగ మీద ఉండే వాల్యూమ్ బటన్లు కీబోర్డుతో పాటు ఇన్‌పుట్ క్లాసుకు పోతాయి. కెర్నల్ లెక్కలో అది రెండు పరికరాలు.

పెన్‌డ్రైవ్ తనంతట తాను చెప్పుకున్న 08కీ, కెర్నల్ దాన్ని చేర్చిన బ్లాక్ క్లాసుకూ మధ్య తేడాను గుర్తుంచుకోవాలి. మొదటిది హార్డ్‌వేర్ తయారీదారులు తమలో తాము కుదుర్చుకున్న సంకేతం. 1996లో యూఎస్‌బీ మొదటి ప్రమాణం వచ్చింది. దాని రూపకర్తల్లో ముఖ్యుడు, ఇంటెల్‌లో పనిచేసిన అజయ్ భట్, గుజరాత్‌లోని వడోదరలో పుట్టి పెరిగినవారు. ఆ ప్రమాణాన్ని చూసుకునే సంస్థ పనుల వారీగా సంకేతాలు కేటాయించింది: ధ్వనికి 01, కీబోర్డు, మౌసుల వంటి మనిషి వాడే పరికరాలకు 03, ప్రింటర్‌కు 07, నిల్వకు 08, వీడియోకు 14. పీసీఐ బస్సుకు కూడా ఇటువంటి పట్టికే వేరుగా ఉంది. రెండోది కెర్నల్ తన ప్రోగ్రాముల సౌకర్యం కోసం కట్టుకున్న గుంపు. హార్డ్‌వేర్ సంకేతం సరైన డ్రైవర్‌ను పిలవడానికి పనికొస్తుంది. కెర్నల్ క్లాసు ఆ డ్రైవర్‌ను ప్రోగ్రాములకు పరిచయం చేయడానికి పనికొస్తుంది.

ఈ రెండూ కుదిరిన చోట జనానికి కలిగే మేలు మీసేవ కేంద్రంలోని బల్ల మీద కనిపిస్తుంది. కరీంనగర్‌లోనో మంచిర్యాలలోనో కేంద్రం నడిపేవారి కీబోర్డు చెడిపోతే దగ్గరలోని దుకాణంలో ఏ కంపెనీది దొరికితే అది తెచ్చి తగిలిస్తారు, మరుక్షణం పని నడుస్తుంది. యంత్రంలో విండోస్ ఉన్నా లినక్స్ ఉన్నా అంతే. సీడీ అడగదు, డౌన్‌లోడ్ అడగదు. వెబ్‌క్యామ్‌ల కథ మొదట్లో ఇలా లేదు. ఒక్కో చిప్పుకు ఒక్కో డ్రైవర్ కావాల్సి వచ్చేది. వీడియోకు ఉమ్మడి యూఎస్‌బీ ప్రమాణం వచ్చాక, దానికి తగిన ఒకే డ్రైవర్ 2008లో లినక్స్ కెర్నల్‌లో చేరింది. ఆ ప్రమాణం పాటించే క్యామెరాలన్నీ ఇప్పుడు ఆ ఒక్క డ్రైవర్‌తోనే నడుస్తున్నాయి.

ఆ కేంద్రంలో తెలుగులో టైపు చేయడానికి కెర్నల్‌కు తెలుగు రావాల్సిన అవసరం లేదు. ఇన్‌పుట్ క్లాసు పరికరం చెప్పేది ఏ మీట నొక్కారన్నదే. కే అక్షరమున్న మీట నొక్కితే లినక్స్ కెర్నల్ 37 అనే సంఖ్య పంపి ఊరుకుంటుంది. మీట ఎత్తినప్పుడు మళ్లీ అదే సంఖ్యతో ఎత్తారని చెబుతుంది. పైనున్న లేఅవుట్ ఇన్‌స్క్రిప్ట్ అయితే ఆ 37 క అవుతుంది, ఇంగ్లిషు అయితే కే అవుతుంది. తెలుగు లేఅవుట్ ఒకసారి రాస్తే ప్రపంచంలోని కీబోర్డులన్నింటికీ సరిపోవడం ఈ విభజన వల్లే సాధ్యమైంది. కీబోర్డు తయారీదారు తెలుగు పేరు విని ఉండనక్కరలేదు.

ఇదే సూత్రం పత్తి మార్కెట్ దగ్గర ఇంకో రూపంలో కనిపిస్తుంది. ఆదిలాబాద్‌లో గానీ జమ్మికుంటలో గానీ పత్తి బండి ఎక్కే వేబ్రిడ్జి కాంటాకు బరువు చూపే ఒక డబ్బా ఉంటుంది. ఇలాంటి డబ్బాలు చాలావరకు సీరియల్ పోర్టు ద్వారా బరువు అంకెలను వరుసగా కంప్యూటర్‌కు పంపుతాయి. కొత్త కంప్యూటర్లలో చాలావాటికి సీరియల్ పోర్టు ఉండదు కాబట్టి మధ్యలో యూఎస్‌బీ మార్పిడి తీగ వాడతారు. ఆ తీగలో ఎఫ్‌టీడీఐ చిప్పు ఉండొచ్చు, ప్రొలిఫిక్ చిప్పు ఉండొచ్చు, చౌకరకం సీహెచ్340 ఉండొచ్చు. మూడింటికీ లినక్స్‌లో మూడు డ్రైవర్లు. కెర్నల్ మాత్రం మూడింటినీ టీటీవై అనే ఒకే క్లాసులో పెడుతుంది. వెనకటి టైప్‌రైటర్ టెర్మినల్ కోసం పుట్టిన క్లాసు అది. రసీదు ముద్రించే ప్రోగ్రాము ఆ క్లాసు పరికరాన్ని తెరిచి, వేగం ఇంత అని చెప్పి, వచ్చిన అంకెలు చదువుకుంటుంది. తీగ మార్చినా ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారదు. ఇక్కడ కెర్నల్‌కు బండి తెలియదు, బరువు తెలియదు, పత్తి తెలియదు. వరుసగా అక్షరాలు వచ్చే ఒక దారి ఉందని మాత్రమే తెలుసు. క్లాసు లెక్కలోకి తీసుకునేది సంభాషణ తీరునే. ఆ సంభాషణ దేని గురించో ప్రోగ్రాము చూసుకోవాలి.

అన్ని వస్తువులకూ ఇలా చక్కటి క్లాసు దొరకదు. ఏ గుంపులోనూ చేరని ఒంటరి పరికరాల కోసం లినక్స్‌లో మిస్క్ అనే క్లాసుంది, వాటన్నింటికీ మేజర్ నంబరు 10. ప్రింటర్ల విషయంలో కెర్నల్ చాలావరకు చేతులు వెనక్కి తీసుకుంది. యూఎస్‌బీ 07 సంకేతం బైట్లు ఎలా పంపాలో చెబుతుంది గానీ పేజీని ఏ భాషలో వర్ణించాలో చెప్పదు. ఆ పని కప్స్ అనే ప్రోగ్రాముకు, స్కానర్ల పని సేన్ అనే ప్రోగ్రాముకు వదిలేశారు. ఇది సరైన నిర్ణయమే. కెర్నల్‌లో చేరిన ప్రతి కోడు వరుసా యంత్రం మొత్తాన్ని పడగొట్టగల చోట ఉంటుంది కాబట్టి, బయట జరిగే పని బయట జరగడమే మేలు.

విండోస్‌లోనూ క్లాసులున్నాయి. పేర్లకు తోడు 128 బిట్ల సంఖ్యలతో వాటిని గుర్తిస్తారు. డివైస్ మేనేజర్ తెరిస్తే కనిపించే కీబోర్డులు, డిస్కులు, పోర్టులు అనే శాఖలు ఆ క్లాసులే. డ్రైవర్ దొరకని పరికరం పసుపుపచ్చ గుర్తుతో ఇతర పరికరాల కింద పడి ఉంటుంది. ఆ గుర్తును చూసి విసుక్కోని కంప్యూటర్ మెకానిక్ ఏ ఊళ్లోనూ ఉండడు.

మీసేవ బల్ల మీద ఆ గుర్తుకు ఎక్కువగా గురయ్యేది వేలిముద్రల యంత్రం. యూఎస్‌బీ పట్టికలో వేలిముద్రలకంటూ ప్రత్యేకమైన సంకేతం లేదు. లినక్స్ కెర్నల్‌లో వేలిముద్రల క్లాసు కూడా లేదు. ఇలాంటి యంత్రాలు సాధారణంగా 255 అనే సంకేతం చూపుతాయి. తయారీదారు సొంత పద్ధతి అని దాని అర్థం. అంటే ఆ తయారీదారు ఇచ్చిన డ్రైవర్, ఆ తయారీదారు ఇచ్చిన ప్రోగ్రాము ఉంటేనే అది పలుకుతుంది. యంత్రం మారిస్తే సాఫ్ట్‌వేర్ మార్చాలి. విండోస్ కొత్త వెర్షన్ వస్తే తయారీదారు కొత్త డ్రైవర్ ఇచ్చేదాకా ఆగాలి. కీబోర్డు కొన్నవాడికి ఉన్న స్వేచ్ఛ వేలిముద్రల యంత్రం కొన్నవాడికి లేదు.

ఇందుకు ఒక బలమైన కారణం చెబుతారు. ఆధార్ ధ్రువీకరణకు వాడే యంత్రం నమోదైనదై ఉండాలి, వేలిముద్రను గుప్తసంకేతంలోకి మార్చి సంతకంతో సహా పంపాలి అన్నది నిబంధన. ఎవరి వేలిముద్రా మధ్యలో ఎవరి చేతికీ చిక్కకూడదు కాబట్టి ఆ నిబంధన అవసరమైనదే. కానీ భద్రత కావాలంటే ఉమ్మడి క్లాసు వదులుకోవాల్సిందే అన్న వాదన నిలవదు. రహస్య తాళాలు దాచే టీపీఎం చిప్పుకు లినక్స్‌లో సొంత క్లాసుంది. ఆ చిప్పును ఏ కంపెనీ చేసినా ప్రోగ్రాములకు ఒకేలా కనిపిస్తుంది, దాని లోపలి తాళం మాత్రం బయటికి రాదు. బ్యాంకు, మెయిలు ఖాతాల రక్షణకు వాడే ఫీడో తాళాలు యూఎస్‌బీలో కీబోర్డుల సంకేతమైన 03నే వాడుకుంటాయి, వాటికి ప్రత్యేక డ్రైవర్ అక్కరలేదు. రహస్యం పరికరం లోపల ఉండవచ్చు, పలకరించే పద్ధతి అందరికీ ఒకటే కావచ్చు. ఈ రెండింటికీ పొత్తు కుదురుతుందని ఈ రెండు ఉదాహరణలే చెబుతున్నాయి.

ఉమ్మడి పద్ధతి ఉన్న యంత్రానికీ లేని యంత్రానికీ మధ్య తేడా పింఛనుదారుల విషయంలో బయటపడింది. 2014 నవంబరులో మొదలైన జీవన్ ప్రమాణ్ పథకంలో పింఛనుదారు బతికే ఉన్నట్టు ధ్రువీకరించడానికి వేలిముద్రల లేదా కనుపాప యంత్రం కావాల్సి వచ్చేది. ఏళ్ల తరబడి శరీర కష్టం చేసినవారి వేళ్ల గీతలు అరిగిపోవడం ఒక బాధ, యంత్రం ఉన్న చోటికే వెళ్లాల్సి రావడం ఇంకో బాధ. 2021 నవంబరులో ముఖం చూసి గుర్తించే పద్ధతి తెచ్చారు. దానికి మామూలు ఆండ్రాయిడ్ ఫోను క్యామెరా చాలు. ఫోను కంపెనీ ఏదైనా కావచ్చు, ఎందుకంటే క్యామెరాతో మాట్లాడే తీరు ఏనాడో ఉమ్మడిగా కుదిరిపోయింది. ఇంటి అరుగు మీద కూర్చున్న వృద్ధురాలు ప్రత్యేక యంత్రం కోసం బస్సెక్కకుండా ధ్రువపత్రం పొందగలుగుతోందంటే, దాని కింద ఇలాంటి ఉమ్మడి కట్టుబాటు ఒకటి ఉంది. వేలిముద్రల యంత్రాలకూ అలాంటి క్లాసు రావాల్సిన అవసరం ఉంది. అది రాకపోవడానికి సాంకేతికమైన అడ్డంకి లేదు. తయారీదారులు ఒక మాట మీదికి రాకపోవడమే అడ్డంకి.

కొత్త క్లాసు కెర్నల్‌లో చేరే పద్ధతి బహిరంగమైనది. ఒకే రకం పని చేసే డ్రైవర్లు రెండు మూడు పోగయ్యాక, వాటిలో పదేపదే రాసిన కోడును ఎవరో ఒకరు విడదీసి ఉమ్మడి భాగంగా మార్చి ప్రతిపాదిస్తారు. పరికరానికి ఏ ఫైళ్లు ఉండాలి, ఏ కొలతలు వాడాలి అన్నదాని మీద చర్చ జరుగుతుంది. ఆ చర్చలో తొందర పనికిరాదు. ప్రోగ్రాములు నమ్ముకున్న తీరును చెడగొట్టకూడదన్నది లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ పట్టుబట్టి అమలు చేయించే నియమం కాబట్టి, ఒకసారి బయటపెట్టిన ఫైలును వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం. వెయ్యో వంతు డిగ్రీ అని ఒకసారి రాస్తే ఎప్పటికీ వెయ్యో వంతు డిగ్రీయే. బస్సులనూ క్లాసులనూ కలిపి ఒకే ఫోల్డర్ కింద పెట్టాలని ఒకప్పుడు అనుకున్న ఆలోచన కూడా ఆచరణలోకి రాలేదు. /సిస్/క్లాస్ అలాగే నిలిచింది.

ఏ క్లాసులో ఏ ఫైలు ఏం చెబుతుందో కెర్నల్ సోర్సుతో పాటే ఇచ్చే డాక్యుమెంటేషన్‌లో ఏబీఐ అనే విభాగంలో రాసి ఉంటుంది. అది ఉచితం, చదవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. జగిత్యాల జిల్లా కొండగట్టు దగ్గరి నాచుపల్లిలో 2007 నుంచి జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉంది, బాసరలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ పాఠం చదివే అక్కడి విద్యార్థులు పుస్తకం పక్కన పెట్టి, లినక్స్ ఉన్న ఒక ల్యాప్‌టాప్‌లో /సిస్/క్లాస్ తెరిచి, థర్మల్ క్లాసులోని ఒక అంకెను చదివి, ఆ అంకెను ఇచ్చిన డ్రైవర్ కోడు దాకా వెనక్కి నడిచి చూడాలి. అందుకు ల్యాబు అక్కరలేదు, ఒక సాయంత్రం సరిపోతుంది.